ఐపీ పెట్టాక, వాయిదాలు కడుతూనే పెద్ద అద్దింటికి మారడం ఎలా?

వ్యాపారం మునిగి ఐపీ (కోర్టులో దివాలా పిటిషన్) పెట్టినవాళ్లు, అంతదాకా వెళ్లకుండా లోక్ అదాలత్‌లోనో పెద్దమనుషుల మధ్యనో వాయిదాలకు ఒప్పుకున్నవాళ్లు మొదట చేసే పని ఇల్లు చిన్నది చేసుకోవడం. ఒక బెడ్‌రూం పోర్షన్లో ఏడాదో రెండేళ్లో ఎలాగోలా నెట్టుకొస్తారు. ఆ తర్వాత ఊళ్లో అమ్మ ఒంటరిగా ఉండలేకపోతుంది. కూతురు ఇంటర్‌కి వస్తుంది, చదువుకోవడానికి చోటుండదు. ఇంటావిడ కుట్టుమిషన్ పెట్టుకుంటే నాలుగు డబ్బులొస్తాయి, కానీ మిషన్ వేసే జాగా ఉండదు. అప్పుడు పెద్దిల్లు కావాలనుకోవడం దుబారా ఏమీ కాదు.

చిక్కు రెండు చోట్ల వస్తుంది. ఇల్లు మారిన నెలలో అప్పు వాయిదా ఆగితే కథ మళ్లీ మొదటికొస్తుంది. వాయిదా ఆగకపోయినా, మీరు పెద్దింటికి మారారని మూడో మనిషి ద్వారా తెలిస్తే అప్పిచ్చినవాళ్లకు అనుమానం పుడుతుంది. "చేతిలో డబ్బుంది, మనకివ్వడానికే లేదు" అనుకుంటారు. ఈ రెండూ సర్దుకున్నాకే టులెట్ బోర్డులు చూడాలి. ఆ వరుసలోనే రాస్తున్నాను. అద్దెల లెక్కలకు హైదరాబాద్‌ను ఉదాహరణగా తీసుకున్నాను. విజయవాడ, వరంగల్‌లో అంకెలు తగ్గుతాయి, పద్ధతి అదే.

1. మీ అప్పు ఏ దశలో ఉందో కాగితాల్లో చూసుకోండి

మన జిల్లా కోర్టుల్లో వ్యక్తుల ఐపీలు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తున్నాయి. 2016లో వచ్చిన దివాలా స్మృతిలో వ్యక్తులకూ అధ్యాయాలున్నాయి. అయితే 2019 డిసెంబర్ 1 నుంచి అవి కంపెనీ అప్పులకు హామీ సంతకం పెట్టినవాళ్లకు మాత్రమే అమల్లోకి వచ్చాయి. కిరాణా కొట్టు, హోటలు, చిన్న కాంట్రాక్టులు చేసి దెబ్బతిన్న మనిషికి పాత చట్టమే గతి. అది ఎంత పాతదంటే అందులో ఇంకా అణాల లెక్క ఉంది.

మీ పిటిషన్ కోర్టులో పెండింగ్‌లో ఉందా, మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటిస్తూ ఉత్తర్వు వచ్చిందా, డిశ్చార్జ్ (దివాలా నుంచి కోర్టు విడుదల) అయిందా? ఈ మూడింటికీ చాలా తేడా ఉంది. ఉత్తర్వు వచ్చి డిశ్చార్జ్ కాకపోతే, ఆ మధ్యకాలంలో మీకు కొత్తగా సమకూరే ఆస్తి కూడా రిసీవర్ (మీ ఆస్తిని చూసుకోవడానికి కోర్టు నియమించే వ్యక్తి) పరిధిలోకి వెళ్లవచ్చు. ఓనరు దగ్గర ఉంచే అడ్వాన్సు కూడా మీకు రావలసిన డబ్బే కాబట్టి, పెద్ద మొత్తం కట్టే ముందు వకీలును అడగండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. డిశ్చార్జ్ కాని దివాలాదారు ఆ విషయం చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు, ఆపైన అప్పు తీసుకుంటే ఆ పాత చట్టం 72వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలుశిక్ష పడవచ్చు. కొత్తింటికి ఫ్రిజ్ ఈఎంఐలో తెచ్చుకుందామనే ఆలోచన ఇక్కడే మానుకోవాలి.

లోక్ అదాలత్‌లో రాజీ పడితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. వాయిదా తప్పితే అవతలివాళ్లు నేరుగా ఈపీ (డిక్రీని అమలు చేయమనే పిటిషన్) వేసుకుంటారు. అప్పుడు జీతం మీదికి వస్తారు. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోరు. 37,000 జీతమనుకుంటే 1,000 పోను 36,000, అందులో 24,000 మీది. మొత్తం 25,000 మీకు మిగులుతుంది, 12,000 దాకా జప్తులో పోవచ్చు. మీ జీతానికి ఈ లెక్క వేసి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పెద్దింట్లో ఉండగా ఆ పరిస్థితి వస్తే అద్దె ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడే తేలుతుంది.

పెద్దమనుషుల ఒప్పందమైతే కోర్టు ఉండదు కానీ ప్రోనోటు ఉంటుంది. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించి ఫోన్లో ఫొటో తీసుకోండి. తేదీ, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి. మీరు సంతకం పెట్టిన ఆ చెల్లుతో నోటు మీద కోర్టుకు వెళ్లే గడువు మరో మూడేళ్లు పెరుగుతుందన్నది నిజమే. కానీ కట్టేద్దామనే నిర్ణయించుకున్న మనిషికి కట్టిన రుజువే ముఖ్యం.

2. అద్దెల తేడా ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది

ఉదాహరణకు భార్యాభర్తలిద్దరి సంపాదన కలిపి నెలకు 62,000. ఇప్పటి అద్దె 9,500, అప్పు వాయిదాలు అన్నీ కలిపి 21,000, ఇంటి ఖర్చు 19,000, స్కూలు ఫీజు 5,500, రాకపోకలకు 3,000. మొత్తం 58,000. మిగిలేది 4,000.

వీళ్లు నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్లో డబుల్ బెడ్‌రూం చూశారనుకుందాం. అద్దె 15,000, మెయింటెనెన్స్ 2,000. పాత అద్దె తీసేస్తే అదనం 7,500. కరెంటు 700 పెరుగుతుంది, ఆఫీసు దగ్గరవడం వల్ల పెట్రోలు 1,200 తగ్గుతుంది. నికరంగా నెలకు 7,000 ఎక్కువ. చేతిలో మిగిలేది 4,000 కాబట్టి ప్రతి నెలా 3,000 లోటు. ఆ లోటు తీర్చడానికి చేబదులు, నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ, ఆ తర్వాత ఏమవుతుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు.

అదే చుట్టుపక్కల లిఫ్టు లేని ఇండిపెండెంట్ ఇంట్లో రెండో అంతస్తు పోర్షన్ 12,500కి దొరికితే? నీళ్లకు 300 వేసుకున్నా అద్దె అదనం 3,300. కరెంటు 700 కలిపి, పెట్రోలు 1,200 తీసేస్తే నెలకు 2,800. ఇంకా 1,200 మిగులుతుంది. బొటాబొటిగానే ఉంటుంది, అయినా లోటు లేదు. అమ్మ మోకాళ్ల నొప్పులతో వస్తుంటే రెండో అంతస్తు పనికిరాదు, గ్రౌండ్ ఫ్లోరే వెతకాలి.

కరెంటు సంగతి కాస్త వివరంగా చూడాలి. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. అద్దెకుండేవాళ్లకూ వర్తిస్తుంది. ఇప్పుడు 150 యూనిట్లతో సున్నా బిల్లు అందుకుంటున్న కుటుంబం రెండు గదులు, ఇంకో ఫ్యాను, గీజరు చేరి 210కి వెళ్లిందంటే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. కొత్తింటి సర్వీసు నంబరుకు పథకం మార్పించుకునేదాకా కూడా బిల్లు పడవచ్చు. బడ్జెట్లో అది లేకపోతే ఎండాకాలంలో దెబ్బ తగులుతుంది.

3. మారకముందే మూడు నెలలు కొత్త అద్దె కట్టినట్టు బతకండి

పై ఉదాహరణలో అదనం 2,800. జీతం పడిన రోజే ఆ 2,800 వేరే ఖాతాలో వేసి మూడు నెలలు ముట్టుకోకుండా ఉండి చూడండి. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా అయినా సరే. మధ్యలో ఒక పెళ్లి చదివింపులో, జ్వరాలో, బండి రిపేరో తప్పకుండా వస్తుంది. వచ్చినా ఆ డబ్బు కదపకుండా, వాయిదా ఆలస్యం కాకుండా గడిస్తే మీరు ఆ ఇంటికి సిద్ధంగా ఉన్నట్టే. కదపాల్సి వస్తే కొంతకాలం ఆగండి. ఐదారు నెలల్లో ఒక చిన్న అప్పు తీరబోతుంటే అది తీరేదాకా ఆగడమే నయం. ఐదు వేల వాయిదా ఒకటి తెగిందంటే పైన మనం వద్దనుకున్న అపార్ట్‌మెంట్ కూడా అందుబాటులోకి వస్తుంది.

4. మారే రోజుకు చేతిలో ఎంత ఉండాలి

హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలల అడ్వాన్సు అడుగుతారు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా నివాస గృహాలకు రెండు నెలలే పరిమితి అంటుంది, కానీ రాష్ట్రం దాన్ని చట్టంగా చేసుకుంటేనే అది చెల్లుతుంది. 12,500 ఇంటికి అడ్వాన్సు 25,000. బ్రోకరు ద్వారా వెళ్తే సగం నెల నుంచి నెల అద్దె దాకా, ఎక్కువే అనుకుందాం, 12,500. సామాన్ల బండికి, కూలీలకు 6,000. తాళాలు, ట్యాపులు, కర్టెన్లు, పాలు పొంగించుకోవడం లాంటి చిల్లర ఖర్చులకు 3,000. మొత్తం 46,500. రెండిళ్లకూ ఒక పదిహేను రోజులు అద్దె పడితే ఇంకో ఆరు వేలు.

పాత అడ్వాన్సు 19,000 ఉంది కదా అంటారు. అది చేతికొచ్చేదాకా లేనట్టే లెక్క. చాలామంది ఓనర్లు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకుంటారు. మిగిలింది కూడా "కొత్తవాళ్లు దిగాక ఇస్తాం" అంటారు. కాబట్టి 9,500 వస్తుందని, అదీ నెల తర్వాతే వస్తుందని అనుకోండి. నెలకు నాలుగు వేల చొప్పున ఏడాది దాచినా 48,000. బ్రోకరును తప్పిస్తే మూడు నెలల పొదుపు ఆదా అయినట్టే. అందుకే ఆదివారాలు బండేసుకుని వీధులు తిరగడం, కిరాణా కొట్టువాళ్లను, వాచ్‌మన్లను అడగడం నేను గట్టిగా చెబుతాను. అడ్వాన్సు కోసం యాప్‌లో అప్పు, క్రెడిట్ కార్డుతో అద్దె లాంటివి ఈ దశలో వద్దే వద్దు.

వాయిదాల కోసం విడిగా రెండు నెలల డబ్బు ఉంచుకోండి. ఇది అడ్వాన్సులో కలవకూడదు.

5. అప్పిచ్చినవాళ్లకు మీ నోటితోనే చెప్పండి

ఈ మెట్టును చాలామంది ఎగ్గొడతారు, మొహమాటం వల్లో భయం వల్లో. పాత కాలనీలో ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. ఊళ్లో బాబాయి దగ్గర తీసుకున్న అప్పైతే ఒక్క ఫోను చాలు: "బాబాయ్, అమ్మను తెచ్చుకుంటున్నాం, ఒక గది ఎక్కువున్న ఇంటికి వెళ్తున్నాం. అద్దె మూడు వేలు పెరుగుతుంది. మీ నెల నెలా డబ్బులకు ఏ ఇబ్బందీ లేదు, ఐదో తారీఖునే వేస్తాను." అంతకు మించి సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఆ నెల వాయిదా మాత్రం ఐదో తారీఖుకు బదులు రెండో తారీఖునే వేసేయండి. మీరు చెప్పినదానికంటే దాన్నే ఎక్కువ నమ్ముతారు.

ఆయన "పెద్దింటికి డబ్బులున్నప్పుడు నా వాయిదా పెంచరాదూ" అంటే? అనవచ్చు. అప్పుడు లెక్క కాగితం చూపించండి: అద్దె ఎంత పెరిగింది, పెట్రోలు ఎంత తగ్గింది, కుట్టుమిషన్ మీద ఎంత రావచ్చు. రాబోయే సంపాదనను చూపి ఇప్పుడే వాయిదా పెంచుతానని మాటివ్వకండి. ఒకరికి పెంచారని తెలిస్తే మిగతావాళ్లు వరుస కడతారు. ఐపీ నడుస్తుండగా ఒక అప్పులవాడికి మాత్రం ప్రత్యేకంగా ఎక్కువ ఇవ్వడం చట్టపరంగానూ ఇరకాటమే.

బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీలకు రాతపూర్వకంగా కొత్త అడ్రసు ఇవ్వండి. రికవరీ వాళ్లు కొత్తింటికి వస్తారేమోనని దాచేవాళ్లున్నారు. ఆర్‌బీఐ 2022 ఆదేశాల ప్రకారం బాకీల కోసం పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదు, బెదిరించకూడదు. అలా చేస్తే ఫిర్యాదు చేయొచ్చు. అడ్రసు దాచడం వల్ల జరిగే నష్టం ఇంతకంటే పెద్దది. పాత అడ్రసుకు వెళ్లిన కోర్టు నోటీసు మీరు చూడకపోయినా అందినట్టే లెక్కగట్టే ప్రమాదం ఉంది. చెక్ బౌన్స్ నోటీసైతే అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే కేసు వేయొచ్చు.

6. ఎప్పుడు వెతకాలి, ఏం చూడాలి

ఏప్రిల్ నుంచి జూన్ దాకా స్కూళ్ల హడావిడి, ఓనర్లు ఒక్క రూపాయి తగ్గరు. ఆషాఢం రాగానే ఇళ్లు మారేవాళ్లు తగ్గిపోతారు. భాద్రపదం, పుష్యం కూడా అంతే, శూన్యమాసమని కొత్తింట్లో దిగరు. ఇల్లు నెలా రెండు నెలలు ఖాళీగా పడున్న ఓనరు ఆ రోజుల్లో మెత్తబడతాడు. పట్టింపు లేకపోతే అప్పుడే దిగండి. పట్టింపుంటే ఆషాఢంలో బేరం కుదుర్చుకుని, శ్రావణం మొదటి వారంలో దిగుతామని, అద్దె అప్పటి నుంచే మొదలని మాట్లాడుకోండి. వెయ్యి రూపాయలు తగ్గితే ఏడాదికి 12,000. చిన్న అప్పు ఒకటి తీరిపోతుంది.

ఇల్లు చూడ్డానికి ఒకసారి పగలు, ఇంకోసారి రాత్రి వెళ్లండి. పొద్దున ఆరున్నరకు వంటింట్లో ట్యాపు తిప్పి చూడాలి. సన్నటి ధార వస్తుంటే ఎండాకాలంలో ట్యాంకర్లే. ట్యాంకరు ఖర్చు ఎవరిదో, ఎలా పంచుతారో పక్క పోర్షన్ వాళ్లను అడగండి, ఓనరును కాదు. బాత్రూం గోడకు అవతలివైపు అరచెయ్యి ఆనించండి. చల్లగా, పెచ్చులు రాలుతూ ఉంటే వానాకాలం బట్టలు బూజు పడతాయి. వెళ్లేటప్పుడు పెయింటింగ్ డబ్బులు కోసేది కూడా ఆ గోడ చూపించే. కరెంటు మీటరు విడిగా ఉందా లేదా అన్నది తప్పకుండా చూడండి. సబ్‌మీటరైతే ఓనరు యూనిట్‌కు ఎంత వేస్తున్నాడో అడగాలి.

7. ఓనరు ఏం అడుగుతాడు, మీరు ఏం చెప్పాలి

ఎక్కువ మంది ఇంటి ఓనర్లు సిబిల్ (అప్పుల చరిత్ర రిపోర్టు) గిబిల్ చూడరు. ఉద్యోగం ఎక్కడ, ఎంతమంది, వెజ్జా నాన్‌వెజ్జా, ఆధార్ జిరాక్స్, ఇంతే. ఇప్పుడిప్పుడే కొన్ని గేటెడ్ కమ్యూనిటీల్లో, ఏజెన్సీల ద్వారా ఇచ్చే ఇళ్లలో క్రెడిట్ రిపోర్టు కూడా అడుగుతున్నారు. అడగకముందే మీ రిపోర్టు మీరు చూసుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అన్నీ ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాల్సిందే. తీరిపోయిన అప్పు ఇంకా బాకీ చూపిస్తుంటే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం వస్తుంది.

అడగని ఓనరుకు మీ ఐపీ కథ మొత్తం చెప్పాల్సిన పని లేదన్నది నా అభిప్రాయం. అద్దె ముందుగా కడుతున్నంత వరకు అతని దగ్గర మీరు అప్పు తీసుకోవడం లేదు. అడిగితే మాత్రం అబద్ధం చెప్పొద్దు. "వ్యాపారంలో నష్టం వచ్చింది సార్, వాయిదాల్లో కట్టుకుంటున్నాం, ఇద్దరం ఉద్యోగం చేస్తున్నాం" అని చెప్పి, ఇప్పటి ఓనరుకు ఏడాదిగా ఒకటో తారీఖున అద్దె వేసిన బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించండి. ఇప్పటిదాకా అద్దె చేతికిస్తున్నట్టయితే ఈ నెల నుంచే ఖాతాలో వేయడం మొదలుపెట్టండి.

అగ్రిమెంటు భార్య పేరు మీద రాయించవచ్చా? ఆమె సంపాదిస్తూ, ఆమె ఖాతా నుంచే అద్దె వెళ్తుంటే ఇబ్బంది లేదు. మీ డబ్బును దాచడానికి ఆమె పేరు వాడితే రిసీవరు ముందు సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

8. అగ్రిమెంటులో పట్టుబట్టాల్సినవి

11 నెలల అగ్రిమెంటు అందరికీ తెలిసిందే. ఏడాది దాటితేనే లీజు రిజిస్ట్రేషన్ చేయించాలన్న లెక్కతో అలా రాసుకుంటారు, మన రెండు రాష్ట్రాల్లో మాత్రం ఏడాదిలోపు లీజుకూ రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే. మీ పరిస్థితిలో నాలుగు మాటలు కాగితం మీద ఉండాలి. ఖాళీ చేయడానికి ఒక నెల నోటీసు చాలు, లాక్-ఇన్ (ఇన్ని నెలలు ఉండి తీరాలన్న షరతు) ఉండకూడదు. ఉద్యోగం పోతే తక్కువ అద్దెకు దిగిపోయే దారి మీకు తెరిచి ఉండాలి. అద్దె పెంపు ఏడాదికి 5 శాతమో, ఎంతో అంకె రాయించండి. పెయింటింగుకు ఎంత కోస్తారో కూడా అంకెతోనే. అడ్వాన్సు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారో రాయాలి, తాళాలిచ్చిన రోజునే అని రాయించగలిగితే మంచిది.

రాబోయే నెలల తేదీలు వేసిన చెక్కులు మాత్రం ఇవ్వకండి. కొందరు ఓనర్లు ఆరు చెక్కులు అడుగుతారు. ఈపీలో మీ ఖాతా అటాచ్ అయితే చెక్కు వెనక్కొస్తుంది, అద్దె తగాదా కాస్తా చెక్ బౌన్స్ గొడవగా మారుతుంది. దానికి బదులు ప్రతి నెలా ఒకటిన బ్యాంకు నుంచి తనంతట తానే వెళ్లేలా ఏర్పాటు చేస్తానని చెప్పండి.

9. మారే వారం

పాతింట్లో మీటరు రీడింగు, గోడలు, ట్యాపులు వీడియో తీసి, తాళం ఇచ్చిన రోజే ఓనరుకు వాట్సాప్ చేయండి. కొత్తింట్లో దిగకముందు కూడా అదే. గ్యాస్ కనెక్షన్ మార్పు, ఆధార్ అడ్రసు ఆన్‌లైన్‌లో అయిపోతాయి. వకీలుకు, కోర్టుకు (అతని ద్వారా మెమో), రిసీవరుకు, బ్యాంకులకు, చీటీ కంపెనీకి కొత్త అడ్రసు వెళ్లాలి. పాతింటి పోస్ట్‌మన్‌కు ఫోన్ నంబరిచ్చి, "స్పీడ్ పోస్టు వస్తే ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వన్నా" అని చెప్పి రండి. అధికారికంగా పోస్టాఫీసులో అర్జీ కూడా పెట్టండి, కానీ పనయ్యేది చాలాసార్లు ఆ మిస్డ్ కాల్‌తోనే.

ఐపీ నడుస్తుంటే పాత సామాన్లు అమ్మేయడం, బంధువులకు ఇచ్చేయడం వకీలుకు చెప్పకుండా చేయొద్దు. వంట పాత్రలు, మంచాలు, బట్టలు లాంటి అవసరమైన వస్తువులను ఎలాగూ జప్తు చేయరు. వాటికి భయపడి ఎవరింట్లోనో దాచాల్సిన పని లేదు.

10. దిగాక మొదటి ఆరు నెలలు

కొత్త సోఫా, కొత్త టీవీ ఆరు నెలలు ఆగవచ్చు. ఖాళీగా ఉన్న హాలు చూసి చుట్టాలు ఏదో ఒకటి అంటారు, అననివ్వండి. పొదుపు చేసిన డబ్బు ఇల్లు మారడంలో అయిపోయి ఉంటుంది కాబట్టి ముందు వాయిదాల కోసం ఉంచిన రెండు నెలల నిల్వ తగ్గకుండా చూసుకోండి. తగ్గితే మళ్లీ నింపండి. పాత అడ్వాన్సు నెలలో రాకపోతే వాయిదా పద్ధతిలోనైనా రాబట్టండి, అది ఊరికే వదిలేసే డబ్బు కాదు.

జీతం పడగానే ముందు అప్పు వాయిదా, తర్వాత అద్దె, ఆ తర్వాతే మిగతావి వెళ్లాలి. అద్దె పది రోజులు ఆలస్యమైతే ఓనరు రెండు మాటలంటాడు. వాయిదా ఆలస్యమైతే ఈపీ పడుతుంది. నిజంగా కట్టలేని నెల వస్తే గడువు తేదీకి ముందే వకీలు ద్వారా గడువు అడగాలి, దాటాక అడిగితే వినేవాళ్లుండరు.

ఒక అప్పు పూర్తిగా తీరిన రోజున ఆ ప్రోనోటు అసలు కాగితం వెనక్కి తీసుకోండి. "మొత్తం ముట్టినది" అని రాయించి, సంతకం, తేదీ వేయించండి. బ్యాంకుదైతే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, నెలన్నర తర్వాత క్రెడిట్ రిపోర్టులో అది మారిందో లేదో చూడండి. సెటిల్‌మెంటుకు ఒప్పుకుని తక్కువ కట్టి ఉంటే రిపోర్టులో "సెటిల్డ్" అనే పడుతుంది. వీలున్నప్పుడు మిగతాది కూడా కట్టి "క్లోజ్డ్" చేయించుకోవాలో వద్దో అప్పుడు ఆలోచించుకోవచ్చు. ఆ కాగితాలన్నీ కొత్తింటి అగ్రిమెంటుతో కలిపి ఒకే ఫైల్లో పెట్టండి. వచ్చే ఏడాది అగ్రిమెంటు రెన్యువల్‌కు కూర్చున్నప్పుడు ఆ ఫైలు తీస్తే ఎంత కట్టామో, ఎంత మిగిలిందో, ఈ అద్దె ఇంకా మోయగలమో లేదో మీ ఇద్దరికీ తెలుస్తుంది.